కూరలో కరివేపాకు

అవసరము తీరిన పిమ్మట ఒక మనిషిని ప్రక్కకు నెట్టివేసినచో "కూరలో కరివేపాకువలె తీసివేసినారు" అని మన తెలుగువారు అందురు. ఈ మాట పుట్టినది మన భోజన పంక్తిలోనే. తాలింపులో వాసన కొరకు వేసిన ఆకును విస్తరి అంచునకు త్రోసివేయుట మనకు తరతరముల అలవాటు. అయితే హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థవారు భారతీయుల ఆహార పదార్థములను పరీక్షించి చిరకాలము క్రిందట ప్రకటించిన పట్టికను తెరచి చూడుడు. నూరు గ్రాముల కరివేపాకులో 7,560 మైక్రోగ్రాముల కెరోటిన్ ఉన్నట్లు అందు వ్రాయబడినది. కొత్తిమీరకు 6,918, మునగాకునకు 6,780, తోటకూరకు 5,520, గోంగూరకు 2,898. అనగా ఈ అయిదింటిలో మొదటి స్థానము మనము విస్తరి అంచున విడిచిపెట్టు ఆకుదే.

కూరలో వేయునది నాలుగు రెబ్బలే గదా, నూరు గ్రాముల లెక్క దానికేల యని మీరు అడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. అందుకే మన పెద్దలు కరివేపాకును ఎండబెట్టి, వేయించి, పొడి కొట్టి అన్నములో కలుపుకొనిరి. కాని ఈనాటి నా ప్రసంగము ఒక్క కరివేపాకును గూర్చినది కాదు. ఆకులయందు, కాయలయందు, పండ్లయందు, గింజలయందు ఉండి మన శరీరమును కాపాడునవని చెప్పబడుచున్న పదార్థములను గూర్చి నాలుగు మాటలు చెప్పదలచినాను. వీనిని ఇంగ్లీషువారు యాంటీ ఆక్సిడెంట్లు అందురు. మనము ఆక్సీకరణ నిరోధకములు అని పిలుచుకొనవచ్చును.

ఈ విషయమును ఇప్పుడు ప్రస్తావించుటకు కారణమున్నది. మాదాపూరులో 1998లో సైబర్ టవర్స్ భవనము ప్రారంభమైన తరువాత హైటెక్ సిటీ చుట్టును కంప్యూటరు కార్యాలయములు వెలసినవి. అందు పనిచేయువారి కుటుంబములు కూకట్‌పల్లి దాటి నిజాంపేట, బాచుపల్లి, ప్రగతి నగర్ వరకు స్థిరపడినవి. అమెరికా గడియారము ననుసరించి పనిచేయు యువకులకు ఒక్కొక్కప్పుడు భోజనవేళ అర్ధరాత్రి యగుచున్నది. ఆకుకూర ఏరి, కడిగి, తరిగి వండుటకు తీరిక చిక్కుట లేదు. ఆ లోటు తీర్చుకొనుటకు వారు మందుల దుకాణములో సీసాలు కొనుచున్నారు. సీసా మీద యాంటీ ఆక్సిడెంట్లు అను మాట పెద్ద అక్షరములలో ఉండును. అదే వీధిలో తోపుడు బండి మీద గోంగూర కట్టలు, మునగాకు, జామపండ్లు సాయంకాలమునకు వాడిపోవుచుండును. ఈ రెంటిలో దేనిని ఇంటికి తీసుకొనిపోవలెను? ఈ ప్రశ్నకు శాస్త్రము ఇచ్చిన సమాధానము స్పష్టముగానే ఉన్నది. అది తెలియక ధనము పోగొట్టుకొనువారు కొందరు. కొందరి విషయములో ఆరోగ్యమే పోవు ప్రమాదము కలదు.

మొదట ఆక్సీకరణమన నేమో చూతము. వంకాయను కోసి గాలికి వదలినచో ముక్కలు నల్లబడును. అందుచేతనే ఇల్లాండ్రు వానిని వెంటనే ఉప్పు నీటిలో వేయుదురు. నూనెను చిరకాలము నిలువయుంచినచో కనరు వాసన వేయును. ఇనుప మేకు వానకు తడిసి తుప్పు పట్టును. ఈ మూడింటికిని మూలము ప్రాణవాయువే. మనలను బ్రతికించు ఆ వాయువే పదార్థములతో కలిసి వానిని మార్చివేయుచున్నది. శరీరములో సైతము ఇట్టి పని జరుగుచునే యుండును. మనము తిన్న అన్నము ప్రాణవాయువుతో కలిసి శక్తిగా మారునప్పుడు, ఫ్రీ రాడికల్సు అనబడు చురుకైన కణములు కొన్ని పుట్టును. ఇవి జతలేని ఎలక్ట్రానుతో ఉండి, ఆ జత కొరకు ప్రక్కనున్న అణువులమీద పడును. జీవకణపు పొరలోని క్రొవ్వునకు, మాంసకృత్తులకు, వంశలక్షణములను మోయు డీఎన్‌ఏకు దెబ్బ తగులును. పొగాకు పొగ, కలుషితమైన గాలి, తీవ్రమైన ఎండ ఈ కణములను ఇంకను పెంచును.

అట్లని ఇవి కేవలము శత్రువులని తలంపరాదు. మన రక్తములోని తెల్ల కణములు రోగక్రిములను చంపుటకు ఈ చురుకైన ప్రాణవాయు రూపములనే ఆయుధములుగా వాడును. పొయ్యిలో నిప్పు ఉండవలెను, అది ఇంటి కప్పునకు అంటుకొనరాదు. ఆక్సీకరణ నిరోధకములు చేయు పని ఇట్టి అదుపు. ఇవి తమ ఎలక్ట్రానును ఇచ్చి ఫ్రీ రాడికల్సును శాంతింపజేయును. వీనిలో కొన్నిటిని మన శరీరమే తయారు చేసికొనును. కొన్నిటిని మాత్రము ఆహారము నుండి గ్రహింపక తప్పదు. మేక తనకు వలసిన విటమిన్ సి ని తన శరీరములోనే తయారు చేసికొనగలదు. మనిషికి, కోతికి ఆ శక్తి లేదు.

ఈ పదార్థములు మొక్కలలో ఎందుకున్నవి? మొక్క నిలిచినచోటు నుండి కదలలేదు. మే నెల మధ్యాహ్నము మనము నీడకు పోవుదుము, గోంగూర చెట్టు పోలేదు. ఆకు సూర్యకాంతిని పట్టి ఆహారము వండునప్పుడు ప్రాణవాయువు వెలువడును. కాంతి మితిమీరినచో ఆ ప్రాణవాయువే ఆకును కాల్చివేయగలదు. అందువలన మొక్క తన రక్షణ కొరకు కెరోటినులను, విటమిన్ సి ని, విటమిన్ ఇ ని, పాలీఫినాలులను తయారు చేసికొనెను. క్యారెట్టులోని పసుపు ఎరుపు, టమాటాలోని ఎరుపు, అల్లనేరేడులోని నీలిమ, ఉసిరికలోని వగరు అన్నియు ఈ కుటుంబమునకు చెందినవే. మొక్క తనకై కట్టుకొన్న కవచమును మనము మన పళ్లెములో వడ్డించుకొనుచున్నాము.

వీనిలో విటమిన్ సి కథ ఆసక్తికరమైనది. పూర్వము నెలల తరబడి సముద్రములో ప్రయాణము చేసిన నావికులకు చిగుళ్లు వాచి, రక్తము కారి, పాతగాయములు తిరిగి విచ్చుకొనెడివి. దీనిని స్కర్వీ యనిరి. 1747లో జేమ్స్ లిండ్ అను బ్రిటిషు ఓడ వైద్యుడు రోగులను జతలుగా విడదీసి, ఒక్కొక్క జతకు ఒక్కొక్క చికిత్స చేసి, నారింజ, నిమ్మ పండ్లు తిన్నవారే త్వరగా కోలుకొనుట చూచెను. ఆ పండ్లలోని పదార్థమును 1928లో వేరుపరచిన కీర్తి హంగరీ దేశీయుడగు ఆల్బర్ట్ సెంట్ జార్జికి దక్కినది. దానిని విస్తారముగా సేకరించుటకు ఆయనకు ఉపకరించినదేమి? తన ఊరిలో పండిన ఎర్రని మిరపకాయ. 1937లో ఆయనకు నోబెల్ బహుమతి లభించినది. మిరప మన గుంటూరు సీమకును హంగరీకిని పరదేశపు పంటయే. అమెరికా ఖండమున పుట్టి, పోర్చుగీసువారి ఓడలలో భారతదేశమునకు వచ్చినది. అయితే విటమిన్ సి నిండుగా ఉండునది పచ్చి మిరపలో గాని, ఎండి కళ్లములో పడిన మిరపలో కాదు.

మన దేశమున ఇంతకంటె దగ్గరి నిదర్శనమున్నది. 1939-40లో పంజాబు ప్రాంతపు హిస్సారులో కరవు వచ్చి స్కర్వీ ప్రబలినప్పుడు ఉసిరికతో దానిని నివారించిరి. జాతీయ పోషకాహార సంస్థ పాత పట్టికలో నూరు గ్రాముల ఉసిరికకు 600 మిల్లీగ్రాముల విటమిన్ సి చూపబడినది. 528 ఆహార పదార్థములను పరీక్షించి ఆ సంస్థ 2017లో ప్రకటించిన క్రొత్త పట్టికలో ఆ సంఖ్య సుమారు 250కి దిగినది. సంఖ్య తగ్గినను ఉసిరిక గౌరవము తగ్గలేదు. 2020 నాటి జాతీయ ప్రమాణము ప్రకారము పురుషునకు దినమునకు 80, స్త్రీకి 65 మిల్లీగ్రాములు చాలును. ఒక మోస్తరు ఉసిరికాయ ఆ అవసరమును తీర్చగలదు. కార్తిక మాసమున ఉసిరి చెట్టు క్రింద వనభోజనము చేయు ఆచారము మనకున్నది. చెట్టు నీడతో తృప్తిపడక కాయను సైతము తినినచో ఆచారము సఫలమగును. ఉసిరిక దొరకని నెలలలో జామపండు ఉండనే యున్నది. పాత పట్టిక ప్రకారము నూరు గ్రాముల జామలో 212 మిల్లీగ్రాముల విటమిన్ సి కలదు. దూరదేశముల నుండి మైనము పూసుకొని వచ్చు యాపిల్ పండులో అది అతి స్వల్పము.

ఇక సీసాల సంగతికి వత్తము. 1956లో డెన్‌హామ్ హార్మన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ముసలితనమునకు ఫ్రీ రాడికల్సే మూలమని ఒక సిద్ధాంతమును ప్రతిపాదించెను. పండ్లు, కూరగాయలు అధికముగా తినువారికి గుండె జబ్బులు, కొన్ని విధముల క్యాన్సరు తక్కువగా వచ్చుచున్నవని తరువాత అనేక పరిశీలనలు తెలిపినవి. ఈ రెండు విషయములను జతపరచి కొందరు ఒక నిర్ణయమునకు వచ్చిరి. మేలు చేయునది కెరోటిన్ అయినచో, దానిని మాత్రగా చుట్టి మింగిన చాలదా? తర్కము నిర్దుష్టముగా కనబడినది. కాని శాస్త్రమునకు తర్కము చాలదు, పరీక్ష కావలెను.

ఆ పరీక్ష ఫిన్లాండు దేశమున జరిగినది. పొగ త్రాగు అలవాటుగల 29,133 మంది పురుషులను ఎన్నుకొని, వారిలో కొందరికి దినమునకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ ఇచ్చిరి. 1994లో ఫలితములు వెలువడినవి. ఆ మాత్ర వేసికొన్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గుటకు బదులు నూటికి 18 వంతున పెరిగినది. అమెరికాలో పొగ త్రాగువారిపై, ఆస్బెస్టాసు పనివారిపై 18,314 మందితో జరుగుచున్న వేరొక పరీక్షలో బీటా కెరోటినును విటమిన్ ఎ తో కలిపి ఇచ్చిరి. అందును క్యాన్సరు నూటికి 28 వంతున హెచ్చుటచే 1996లో గడువునకు ముందే దానిని ఆపివేసిరి. 2012లో కొక్రేన్ సంస్థవారు 78 పరీక్షలను, 2,96,707 మంది వివరములను ఒకచోట చేర్చి చూచిరి. యాంటీ ఆక్సిడెంటు మాత్రలు ఆయుర్దాయమును పెంచినట్లు కనబడలేదు. బీటా కెరోటిన్, విటమిన్ ఇ మాత్రలు మరణములను కొంత పెంచి యుండవచ్చునని వారు తేల్చిరి. ఆ సంవత్సరముననే అమెరికా వ్యవసాయ శాఖవారు ఆహార పదార్థములకు యాంటీ ఆక్సిడెంటు బలమును అంకెలలో చూపు ఓరాక్ పట్టికను ఉపసంహరించుకొనిరి. గాజు గొట్టములో కనబడు బలము మనిషి దేహములో అట్లే పనిచేయునను నిదర్శనము లేదనియు, ఆ అంకెలను వ్యాపారులు దుర్వినియోగము చేయుచున్నారనియు వారు చెప్పిరి. నేటికిని కొన్ని సీసాల మీద ఆ అంకెలు కనబడుచుండుట గమనింపదగినది.

మాత్ర చేయలేని పనిని ఆకు ఎట్లు చేయుచున్నది? ఆకులో ఒక్క కెరోటిన్ మాత్రమే లేదు. దానితోపాటు పదుల కొలది రంగు పదార్థములు, పీచు, పొటాషియము, ఫోలిక్ ఆమ్లము ఉన్నవి. అవి స్వల్ప మోతాదులలో, ఒకదానికొకటి తోడుగా, భోజనముతో కలిసి మెల్లగా శరీరములో చేరును. విటమిన్ ఇ తన ఎలక్ట్రానును ఇచ్చి అలసినప్పుడు విటమిన్ సి దానికి మరల బలము నిచ్చునని ప్రయోగశాలలో చూచినారు. మరియొక సంగతి. పళ్లెములో ఆకుకూర స్థలము ఆక్రమించినచో వేపుళ్లకు, మిఠాయిలకు అంతమేర స్థలము తగ్గును. కూరగాయల మేలులో ఎంత భాగము యాంటీ ఆక్సిడెంట్లది, ఎంత భాగము పీచుది, ఎంత భాగము తినకుండ మానిన చెడు పదార్థములదని విడదీయుట కష్టము. తినువానికి ఆ విభజనతో పనిలేదు. ఆకు తినినచో అన్నియు కలిసియే వచ్చును.

ఇట్టి పాఠము మన తెలుగునాట ఒకసారి నేర్చినదే. మరపట్టిన తెల్లని బియ్యము తిను ఉత్తర సర్కారు జిల్లాలలో బెరిబెరి వ్యాధి ప్రజలను పీడించెను. ఆ వ్యాధి మూలమును కనుగొనుటకు 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ ఆధ్వర్యమున ఒక చిన్న పరిశోధన విభాగము ప్రారంభమైనది. అదియే పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు పొందినది. బియ్యము తెల్లబడవలెనని మర తీసివేసిన తవుడులోనే బెరిబెరిని అడ్డు విటమిన్ బి1 ఉన్నది. ఫినాలు జాతి నిరోధకములును ఆ పైపొరలోనే అధికము. తెలంగాణ పల్లెలలో తినెడి జొన్న రొట్టెకు, తైదల అంబలికి ఇదే న్యాయము వర్తించును. తైదలనగా రాగులు. ఆ గింజ పైపొరకు ముదురు రంగు నిచ్చునవి ఈ పదార్థములే. ఐక్యరాజ్య సమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా పాటించిన తరువాత నగరములో వీనికి గౌరవము కలిగినది, సంతోషము. అయితే తైదలను తెల్లని పిండిగా జల్లించి, పంచదార వేసి బిస్కత్తు చేసినచో ఆ గౌరవము పేరునకే మిగులును.

ఇక వంటింటి మాట. ఆకుకూరను మొదట బాగుగా కడిగి పిమ్మట తరుగవలెను. తరిగి కడిగినచో విటమిన్ సి నీటితో కొట్టుకొనిపోవును. నగరము చుట్టును మురుగు నీటితో పెంచు ఆకుకూరలు కూడ అంగడికి వచ్చుచుండును. కావున రెండు మూడు మారులు మంచి నీటిలో కడుగుట అవసరము. మూతపెట్టి, కొద్ది నీటితో, కొద్దిసేపు ఉడికించిన చాలును. ఉడికిన నీటిని పారబోయరాదు, పప్పులోనో చారులోనో పోసికొనవలెను. కెరోటిన్ క్రొవ్వులో కరగును గాని నీటిలో కరగదు. అందుచేత మన తాలింపు రుచికి మాత్రమే కాదు, ఆ చెంచా నూనె కెరోటినును దేహములోనికి చేర్చును. టమాటాలోని ఎర్రని లైకోపీను పచ్చి కాయ కంటె నూనెతో ఉడికిన కూర నుండి మనకు సులభముగా అందును. నువ్వుల నూనె త్వరగా కనరు వాసన పట్టకుండుటకు దానిలోని సెసమాల్ మొదలగు నిరోధకములు కారణము. ఆవకాయకు నువ్వుల నూనె వాడిన మన అవ్వలు ఈ పేరు ఎరుగకున్నను దాని గుణమును ఎరిగియున్నారు. అయితే ఆవకాయలో ఉప్పు అధికము. దానిని కూరకు బదులుగా గాక కూరకు తోడుగా మాత్రమే వాడవలెను.

పప్పులో ఆకుకూర వండి, వడ్డించునప్పుడు నిమ్మరసము పిండుట మంచి అలవాటు. విటమిన్ సి ఆకులోని ఇనుమును దేహము గ్రహించునట్లు చేయును. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో 15 మొదలు 49 ఏండ్ల లోపు స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత కలదు. ఇది పల్లెల సమస్య మాత్రమే కాదు. అద్దాల మేడలలో కంప్యూటరు ముందు కూర్చుండు యువతులకును ఇది వర్తించును. భోజనము ముగించిన వెంటనే త్రాగు టీ ఇనుమును అడ్డగించును. టీలో ఆక్సీకరణ నిరోధకములు ఉన్నమాట నిజమే. కాని భోజనమునకును టీకిని నడుమ గంటసేపు ఎడముంచినచో రెండును తమ తమ పని చేసికొనును.

ఒక్క హెచ్చరిక. మాత్రలను గూర్చి నేను చెప్పిన దానిని వైద్యులు ఇచ్చిన మందులకు అన్వయింపరాదు. గర్భిణులకు ఇచ్చు ఇనుము, ఫోలిక్ ఆమ్లము మాత్రలును, చిన్నపిల్లలకు అంధత్వము రాకుండ వేయు విటమిన్ ఎ మోతాదును లోపమును తీర్చునవి. వానిని మానరాదు. మన దేశమున 1970లో ప్రారంభమైన ఆ విటమిన్ ఎ పథకమునకు ఆధారమైన పరిశోధన హైదరాబాదులోని ఈ సంస్థలోనే జరిగినది. లోపమున్నవారికి లోపము తీర్చుట వేరు, లోపము లేనివారు దీర్ఘాయువు కొరకు గుప్పెడు మాత్రలు మింగుట వేరు. రక్తము గడ్డకట్టకుండ వార్ఫరిన్ వాడువారు ఆకుకూరల మోతాదును ఒక్కసారిగా మార్చరాదు. మూత్రపిండముల వ్యాధి గలవారు ఏ ఆకుకూర ఎంత తినవలెనో వైద్యుని అడిగి తెలిసికొనవలెను. పొగ త్రాగువారు బీటా కెరోటిన్ మాత్రలను ముట్టరాదు. వారికి మొట్టమొదటి ఔషధము పొగ మానుటయే. ఏ ఆకును ఆ పని చేయజాలదు.

దినమునకు ఎంత తినవలెను? బంగాళాదుంప వంటి పిండి దుంపలను విడిచి, కూరగాయలు, పండ్లు కలిసి 400 గ్రాములకు తగ్గరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు చెప్పుచున్నారు. ఇది ఆర్భాటము కాదు. ఉదయము ఒక జామపండు, మధ్యాహ్నము ఆకుకూర పప్పు, ఒక కాయకూర, రాత్రి మరియొక కూర ఉన్న సరిపోవును. ప్రగతి నగర్ వాసులకు కూకట్‌పల్లి రైతు బజారు దూరము కాదు. రైతే స్వయముగా తన పంటను అమ్ముకొనునట్లు 1999లో ఆరంభమైన రైతు బజారులలో అదియు ఒకటి. వారమునకు రెండు మారులు పోయి, ఇంటివారందరు ఒక గంటసేపు కూర్చుండి ఆకులు ఏరి, తడి లేకుండ గుడ్డలో చుట్టి దాచుకొనినచో, పనిదినములలో వంట పది నిమిషముల పని యగును. ఈ పనిని ఇల్లాలికి మాత్రమే వదలివేయుట న్యాయము కాదు. తినువారందరును ఏరవలెను.

బహుళ అంతస్తుల భవనములలో నివసించువారికి సైతము ఎండ తగులు మూల ఒకటి ఉండును. అచ్చట ఒక కుండీలో కరివేపాకు మొక్కను, ఇంకొక దానిలో గోంగూర గింజలను వేయవచ్చును. కాలనీలో జాగా ఉన్నచో ఒక మునగ కొమ్మను నాటిన చాలును, అది వాడకట్టున కంతటికి ఆకునిచ్చును. ఆ ఆకునే ఎండబెట్టి, పొడి చేసి, పరదేశపు పేరు తగిలించి, డబ్బాలో పెట్టి అమ్మునప్పుడు దాని వెల అనేక రెట్లు పెరుగును. గుణము మాత్రము చెట్టు మీద ఉన్ననాటి కంటె పెరగదు. ఈ రాత్రి భోజనమున మీ పళ్లెములోనికి వచ్చిన కరివేపాకును నమిలి చూడుడు. కొంచెము చేదుగా ఉండును, నాలుగు దినములలో అలవాటగును.